అశ్వ రక్షణము: రోగమునకు ముందే

చింతామణి, బాగేపల్లి తాలూకాల మెట్టచేలలో పండు ఉలవలను కన్నడమున హురుళి యందురు. ఆంగ్లమున వీనికి హార్స్ గ్రామ్, అనగా గుఱ్ఱపు ధాన్యమని పేరు. మనము చారు కాచుకొను ఈ గింజయే ఒకనాడు జట్కా గుఱ్ఱములకు దాణా. జట్కాలు దాదాపు కనుమఱుగైనవి. పెండ్లి ఊరేగింపులకును బండ్లకును పెంచు కొలది గుఱ్ఱములు నేటికిని కలవు. వాని యజమానులు చాలవఱకు బీదలు. గుఱ్ఱము పడిపోయినచో వారి యిల్లు గడువదు. కావున రోగము రాకముందు చేయదగిన పనులను విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

మొదటిది మేత. గుఱ్ఱము ఆవువలె నెమరు వేయదు. శరీరముతో పోల్చినచో దాని జీర్ణకోశము మిక్కిలి చిన్నది. తిన్నదానిని కక్కు శక్తియు దానికి లేదు. అందుచే ఒక్కమాఱుగా ఎక్కువ దాణా పెట్టినను, బూజుపట్టిన గడ్డి వేసినను కడుపులో శూల పుట్టును. అప్పుడది కాలితో నేల గీరుచు, తన ప్రక్కలను మాటిమాటికి చూచుకొనుచు, పడి పొర్లును. ఆ స్థితిలో గడియ ఆలస్యమైనను ప్రాణాపాయమే. ఉలవలను నానబెట్టియో ఉడికించియో కొలదికొలదిగా పెట్టవలెను. ఎండుగడ్డియు మంచినీరును ఎల్లప్పుడు అందుబాటులో నుండవలెను. దాణా మార్చవలసివచ్చినచో వారము, పది దినములలో మెల్లగా మార్చవలెను.

13వ శతాబ్దాంతమున దక్షిణదేశమునకు వచ్చిన వెనిసు యాత్రికుడు మార్కో పోలో, తమిళ తీరమునందలి రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొనుచుండిరనియు, ఏడాది తిరుగునప్పటికి 100 అయినను మిగులకుండెననియు వ్రాసెను. గుఱ్ఱముల సంరక్షణ నెఱిగినవారు లేకపోవుటయే యిందులకు కారణమట. అట్టివారిని వర్తకులు రానీయలేదట! చచ్చినకొలది వారికి బేరము గదా. యాత్రికుని లెక్కలో అతిశయోక్తి యుండవచ్చును. కాని యీ విద్య మనకు బొత్తిగా లేదనుట సరికాదు. సంస్కృతమున శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము కలదు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను.

ఇక గిట్టలు. ప్రతిదినము నాలుగు గిట్టలను ఎత్తి, మట్టిని పేడను తీసి, అడుగున నడుమనుండు మెత్తని ముక్కోణపు భాగమును చూడవలెను. దుర్గంధము వచ్చినచో అది క్రుళ్ళుచున్నదని యర్థము. నిలుచు చోటు తడిగా నుండుటయే తఱచు దీనికి కారణము. ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకమాఱు గిట్టను చెక్కించి లాడమును మార్పింపవలెను. ఇది చిన్న పనిగా తోచును గాని, గిట్టలో దిగిన ఒక మేకు గుఱ్ఱమును చంపగలదు. ధనుర్వాత క్రిమి మట్టిలోను గుఱ్ఱపు పేడలోను నుండును. పెంపుడు జంతువులలో ఈ రోగమునకు గుఱ్ఱమువలె సులభముగా లొంగునది వేఱొకటి లేదు. అవయవములు కొయ్యబాఱును, దవడలు బిగియును, మూడవ కనుఱెప్ప కంటిమీదికి వచ్చును. అటుపిమ్మట బ్రదుకుట అరుదు. నివారణమో, అత్యంత సులభము: నాలుగు వారముల యెడముతో రెండు టీకాలు, తరువాత ఏటేట ఒకటి.

ఇచట ఒక వింత చెప్పవలెను. 1890లో బెర్లినులో బెరింగు, కిటసాటో అను శాస్త్రజ్ఞులు, ఈ విషమునకు అలవాటుపఱచిన జంతువు రక్తరసము మఱియొక జంతువును కాపాడునని చూపిరి. పిమ్మట ఆ రసమును పెద్ద మొత్తమున తీయుటకు గుఱ్ఱములనే యెన్నుకొనిరి. మన చేలలో పాము కఱచినవారికి ఆసుపత్రిలో నెక్కించు మందును నేటికిని గుఱ్ఱపు రక్తమునుండియే తీయుదురు. జట్కా నెక్కనివారును గుఱ్ఱమునకు ఋణపడియుందురన్నమాట.

నులిపురుగులకు మందు, పదునెక్కిన పండ్లను ఆకురాయితో రాయించుట, ఇవి పశువైద్యుడు చూచి చేయవలసినవి.

గ్లాండర్స్ అను రోగమును గూర్చి మాత్రము హెచ్చరిక అవసరము. ముక్కునుండి చీము, చర్మముపై పుండ్లు దీని గుర్తులు. ఇది మనుష్యులకును అంటి ప్రాణము తీయగలదు. దీనికి టీకా లేదు. కొత్త గుఱ్ఱమును కొన్నప్పుడు రక్తపరీక్ష చేయించి, ఫలితము తెలియువఱకు వేఱుగా కట్టి, వేఱు తొట్టిలో నీరు పెట్టుటయే రక్షణ. 2009 నాటి చట్టము ప్రకారము ఈ రోగమును అధికారులకు తెలుపవలెను. నిర్ధారణమైన గుఱ్ఱమును చంపుదురు. ఆ భయముచేతనే కొందఱు దాచి, రాత్రికి రాత్రి సంతకు తోలి అమ్మివేయుదురు. చంపిన గుఱ్ఱమునకు ప్రభుత్వము పరిహార మిచ్చునను సంగతిని గుఱ్ఱములు పెంచువారికి ముందుగానే తెలుపవలెను.