బావినీటిలో మందు విడిపోవు తీరు

గ్రామపంచాయతీ సభ్యులారా! బావిలో బ్లీచింగు పొడి కలిపినంతమాత్రమున మన బాధ్యత తీరదు. ఆ పొడి నీటిలో హైపోక్లోరసు ఆమ్లమగును. కలరా క్రిములను చంపు శక్తి ముఖ్యముగా దీనిదే. ఇందు కొంత భాగము విడిపోయి, శక్తి తక్కువైన హైపోక్లోరైటు అగును. ఎంత విడిపోవునో శాస్త్రజ్ఞులు పరీక్షించి కనుగొనిరి: నీటి ఆమ్లక్షార గుణముల కొలతయగు పి.హెచ్. 7.5 ఉన్నచో సుమారు సగము, 8.5 ఉన్నచో పదింట తొమ్మిది పాళ్ళు.

మన దేశపు ప్రమాణము మేరకు లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగులవలెను. కాని ఆ పరీక్ష రెంటిని కలిపియే చూపును. అందుచేతనే పి.హెచ్. 8కి లోబడియుండుట మేలనియు, మందు కలిపిన పిదప కనీసము 30 నిమిషములు ఆగవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. కావున పంచాయతీలు రెండు పరీక్షలను జరిపించి, ఫలితములను నమోదు చేయింపవలెనని కోరుచున్నాము.