శాఖానగరము – అనకాపల్లి

మహానగరముల చుట్టును చిన్న పట్టణములు వెలయుట లోకసహజము. అచటి జనులు ఉదయమున నగరమునకు పనికి పోయి, సాయంకాలమున తమ యిండ్లకు మరలివత్తురు. కలకత్తా, బొంబాయి, లండను నగరముల చుట్టును ఇట్టి యూళ్లు పెక్కు గలవు. ప్రధాననగరము వృక్షమైనచో ఇవి దాని కొమ్మలు. కావుననే మన పూర్వులు ఇట్టి పట్టణమును ‘శాఖానగరము’ అనిరి. అమరకోశమున ఈ మాట కలదు.

శారదానది యొడ్డున, విశాఖపట్టణమునకు రైలుమార్గమున సుమారు 33 కిలోమీటర్ల దూరమున నున్న అనకాపల్లి నేడు అట్టి పట్టణమే. కాని ఈ కొమ్మకు తనదైన వేరొకటి కలదు.

పట్టణమునకు సమీపమున శంకరము అను గ్రామము కలదు. బౌద్ధభిక్షువులు వసించు సంఘారామమను మాటయే క్రమముగా శంకరమైనదని పండితులు చెప్పుదురు. అచటి బొజ్జన్నకొండ, లింగాలకొండలపై రాతిని తొలిచి చేసిన గుహలును, ఏకశిలాస్తూపములును నేటికిని నిలిచియున్నవి. క్రీ.శ. 4వ శతాబ్దము మొదలు 9వ శతాబ్దము వరకు అచట బౌద్ధము వర్ధిల్లినది.

అనకాపల్లి పేరు చెప్పగనే ఆంధ్రులకు స్ఫురించునది బెల్లము. ఇచటి బెల్లపు మార్కెట్టు దేశమందలి పెద్దవానిలో నొకటి. 1913లోనే ఇచట వ్యవసాయ పరిశోధనకేంద్రము నెలకొన్నది. చెరకును గానుగలో ఆడి, రసమును పెనములలో కాచి, మడ్డిని తీసివేసి, పాకము వచ్చిన పిదప దిమ్మలుగా పోయుదురు. ఎండిన చెరకుపిప్పియే పొయ్యికి వంటచెరకు. నరికిన చెరకును జాగు చేయక గానుగ ఆడవలెను; నిలువయున్నచో రసములోని తీపి తగ్గును. కావున ఆ దినములలో ఇంటిల్లిపాదియు పొలముననే యుండెడివారు.

1893 – 1896 సంవత్సరముల నడుమ తూర్పుతీరపు రైలుమార్గము ఏర్పడెను. 1933లో విశాఖపట్టణమున నౌకాశ్రయము తెరువబడెను. 1948లో అచట నిర్మింపబడిన ‘జల ఉష’ అను ఓడను జవహర్లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించెను. ప్రజల యుద్యమఫలముగా లభించిన ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. 1992లో అది జాతికి అంకితమయ్యెను. కొలువులు అటు పెరిగినకొలది అనకాపల్లి యువకులు అటు నడచిరి. ప్రొద్దుట రైళ్లలోను, బస్సులలోను విద్యార్థులు, కార్మికులు, గుమాస్తాలు క్రిక్కిరిసి పోవుదురు. అద్దె తక్కువ, కూరగాయలు చౌక, చుట్టములు చేరువ అని యెంచి నగరోద్యోగులు కొందరు ఇచటనే కాపురముందురు.

దీనివలన కలిగిన మేలు తక్కువది కాదు. నెలజీతము వచ్చు నింట పిల్లల చదువు వానదేవుని దయపై నాధారపడదు. కాని నష్టమును కలదు. చెరకు నరుకు వేళ కూలీలు దొరకుట కష్టమగుచున్నది. పొలములు ఇండ్లస్థలములగుచున్నవి. చీకటితో వెడలి చీకటితో మరలువానికి ఊరి చెరువు పూడినను, వీథి చెడినను చూచుటకు తీరిక యుండదు. రాత్రి పడుకొనుటకు మాత్రమే పనికివచ్చునది సత్రమగును గాని ఊరు కాదు.

2013లో అనకాపల్లి మహా విశాఖపట్టణ నగరపాలకసంస్థలో విలీనమయ్యెను. 2022 ఏప్రిల్ 4న తన పేరనే యేర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను. ఒకవంక నగరమునకు శాఖ, మరొకవంక జిల్లాకు మూలము! ఇట్టి స్థితి అరుదు.

మఱ్ఱికొమ్మను చూడుడు. అది మానునుండి ఆహారము గైకొనును. అయినను తన ఊడను తానే నేలకు దింపుకొనును. ఊడ నేలలో నాటుకొన్న కొమ్మ గాలివానకు విరుగదు. పైగా మానుకే ఊతమగును. నగరమునకు పనికి పోవుట తప్పు కాదు. సంపాదనతోపాటు నేర్చిన నేర్పును కొంతయైన ఊరికి తెచ్చుట, ఊరి నేలను, నీటిని, వృత్తిని కనిపెట్టియుండుట అచట పుట్టినవారి విధి. అది నెరవేరినంతకాలము శాఖానగరము సత్రము కాదు, ఊరుగనే నిలుచును.