వేడి కాదు నాయనా

చీమకుర్తి,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నోడికి మేనత్త దీవించి రాసేది.

నిన్న అమ్మాయి, అదే మీ ఆవిడ, ఫోన్ చేసి, మూడు వారాలుగా నీకు విరేచనంలో రక్తం పడుతోందని చెప్పింది. నిన్నడిగితే "వేడి చేసిందిలే అత్తా" అన్నావు. ఫోన్‌లో ఇంకేం చెప్పినా సరేలే అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా.

ఆ "వేడి చేసింది" అనే మాట మన ఇంట్లో ఇంకెప్పుడూ వినపడకూడదు. కళ్లు ఎర్రబడినా వేడే, నోరు పూసినా వేడే. మిరప పండే నేల మీద పుట్టాం కాబట్టి కింద రక్తం కనపడగానే కారం మీదకి నెట్టేస్తాం. నా పెళ్లికి ముందు నేనూ మీ నాన్నా కల్లంలో తాలుకాయలు ఏరడానికి పోయేవాళ్లం. పొద్దు గూకేసరికి చేతులు భగభగా మండిపోయేవి. మీ నాయనమ్మ మజ్జిగ గిన్నెలో చేతులు ముంచి కూర్చోమనేది. నావి ముంచాకే మీ నాన్న తనవి ముంచేవాడు. ఆ మొదటి కూలి డబ్బులతో నాకు ఎర్ర రిబ్బన్లు కొన్నాడు. ఇదంతా ఎందుకంటే, కారం మంట ఏమిటో నాకు తెలుసు నాయనా. మండుతుంది, చల్లారుతుంది. నెలల తరబడి మండినా ఆ చేతుల్లోంచి ఒక్క చుక్క రక్తం రాలేదు.

మీ నాన్నకూ ఇలాగే రక్తం పడితే సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది నేనే. ఏడాదిన్నర ఇచ్చాను. నాలుగు రోజులు రక్తం ఆగేది, చలవ చేసిందని సంబరపడేవాళ్లం. అది దానంతటదే ఆగుతుందనీ, మళ్లీ పడుతుందనీ మాకు తెలీదు. తర్వాత మొలలన్నారు, ఒకాయన సూదిమందు వేశాడు. మనిషి పాలిపోయి, క్వారీలో నాలుగడుగులు ఎక్కితే ఆయాసపడుతుంటే పరీక్ష చేయించాం. రక్తం 7 గ్రాములే ఉంది. బలానికి మాత్రలిచ్చారు. ఒంట్లో రక్తం ఎటు పోతోందని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. పెద్దపేగులో క్యాన్సర్ అని తేలేసరికి కాలేయానికి పాకింది. అప్పటికి 47 ఏళ్లు.

1985లో అమెరికా ప్రెసిడెంట్ రీగన్‌కు పేగులో పెద్ద పాలిప్ దొరికింది, అందులో క్యాన్సర్ ఉందని తేలి ఆపరేషన్ చేశారు. ఆ వార్త పేపర్లో గట్టిగా చదివి నాకు వినిపించింది మీ నాన్నే. రీగన్ 93 ఏళ్లు బతికి 2004లో పోయాడు. మీ నాన్న పోయిన మరుసటేడు.

పాలిప్ అంటే భయపడకు. ఒంటి మీద పులిపిరి లేస్తుందే, అలా పేగు లోపలి పొర మీద లేస్తుంది. కొన్నిటికి పుట్టగొడుగులా కాడ ఉంటుంది, కొన్ని బల్లపరుపుగా అతుక్కునుంటాయి. చాలావాటితో ఏ హానీ లేదు. అడినోమా అనే రకంలో కొన్ని మాత్రం పదేళ్లకు అటూ ఇటూగా క్యాన్సర్‌గా మారతాయి. నొప్పి పెట్టదు, చాలాసార్లు రక్తమూ రాదు. అన్నేళ్లు గడువిచ్చే జబ్బు ఇంకొకటి నేను చూడలేదు. ఆ గడువులో తీసేస్తే అది క్యాన్సర్ అయ్యే దారే ఉండదు.

నాకు 58వ ఏట రెండు తీశారు. చెప్పేవాళ్లు కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్ష గురించి భయపెడతారు గానీ కష్టమంతా ముందు రాత్రిదే. పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్లు గ్లాసు గ్లాసుగా తాగాలి, ఉప్పగా, జిగటగా ఉంటాయి. కడుపు కడిగి కడిగి చివరికి లేత పసుపు నీళ్లు తేటగా రావాలి. మీ నాన్న గెలాక్సీ గ్రానైట్ దిమ్మె మీద బిందెడు నీళ్లు పోసి, ఆరేదాకా గొంతుక్కూర్చుని చూసేవాడు, గుర్తుందా? చుట్టూ రాయి ఆరిపోయినా నెర్రె ఉన్నచోట వెంట్రుకంత తడి గీత మిగిలేది. ఆ రాత్రంతా నాకు అదే కళ్లలో మెదిలింది. పొద్దున మత్తిచ్చారు, అరగంటలో అయిపోయింది. సన్నటి తీగ ఉచ్చు పాలిప్ మొదట్లో బిగించి కరెంటుతో కోసేస్తారట. నాకేమీ తెలియలేదు. తీసిన ముక్కలు బయాప్సీకి పంపారు.

"37కి చేయించుకుంటే చాలన్నారు, ఇంకా ఏడాది ఉంది" అన్నావట. లెక్క సరైనదే. తండ్రికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, లేదా 40, ఏది ముందొస్తే అది. మీ అక్క అలాగే చేయించుకుంది. కానీ ఆ లెక్క ఏ బాధా లేనివాళ్లకు. రక్తం కనపడ్డ రోజే నీకా లెక్క చెల్లిపోయింది. మలంలో కనపడని రక్తం ఉందేమో చూసే చిన్న పరీక్ష ఒకటుంది, దాంతో సరిపెడదామనీ అనకు. పాలిప్ రోజూ రక్తం కార్చదు. నీవి ఉత్త మొలలే కావచ్చు, అలా కావాలనే మొక్కుకుంటున్నా. మొలలున్న మనిషికి పాలిప్ ఉండకూడదనేం లేదు గదా.

మన ఊళ్లో నర్సమ్మలు ఇంటింటికీ వచ్చి నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ల గురించి అడుగుతున్నారు. పెద్దపేగు ఊసు లేదు. నువ్వుండేది గచ్చిబౌలి. డాక్టర్ నాగేశ్వర రెడ్డి గారి ఏఐజీ ఆసుపత్రి మీ దగ్గరే, ఈ గొట్టం పని నేర్చుకోవడానికి దేశదేశాల డాక్టర్లు అక్కడికొస్తారు. అక్కడే అని నేననను, ఇది తెలిసిన డాక్టరు ఎవరైనా సరే. మీ నాన్న సంగతి మాత్రం వెళ్లగానే చెప్పు, వయసుతో సహా.

సిగరెట్ మానలేదని కూడా తెలిసింది. పొగాకు బేరన్ల మధ్య పెరిగినవాడివి, నీకు నేనేం చెప్పను. పొగకూ పాలిప్‌కూ పొత్తుంది, మానెయ్. బిర్యానీ తగ్గించి వారంలో నాలుగు పూటలు జొన్నరొట్టె, చిక్కుళ్లు, ఆకుకూర తిను. కసురుతున్నానని అనుకోకు. నువ్వు పెరుగన్నం కలుపుకునే తీరు అచ్చం మీ నాన్నదే, పోయిన సంక్రాంతికి చూసి లోపలికెళ్లి ఏడ్చాను.

మత్తిస్తారు కాబట్టి వెంట మనిషుండాలి. అమ్మాయి పిల్లదాన్ని చూసుకుంటుంది, నేను నీతో కూర్చుంటా. బుధవారం లోపు తేదీ తీసుకుని చెప్పు, ఒంగోల్లో రైలెక్కుతా. పండుమిరప పచ్చడి పట్టాను, తెస్తాను. గింజలు పేగులో అంటుకుని కెమెరాకు అడ్డమొస్తాయట, పరీక్షకు ముందు రెండు మూడు రోజులు ముట్టుకోకూడదు. జాడీ అమ్మాయికిస్తా, అయ్యాక తిందువుగాని.

ఇట్లు,
మీ అత్త