పిల్లికి జబ్బు చేస్తే గుర్తుపట్టడం ఎలా?



ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి హాస్టల్‌కు వచ్చిన మనలో చాలామందిమి గొర్రెల వెంట నడిచిన ఇళ్ళ పిల్లలమే. నెల్లూరు గొర్రెల్లో పల్ల ఏదో, జోడిపి ఏదో పుస్తకం చూడకుండానే చెప్పగలం. ఏ గొర్రెకు ఒంట్లో బాగాలేదో కూడా చెప్పగలం. అది మందలో వెనకబడుతుంది, చెవులు వాలుస్తుంది, నెమరు మానేస్తుంది. ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ దాటి ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదివిన మాకు ఈ చూపు కాలేజీలో రాలేదు, మా నాన్న దగ్గరే వచ్చింది. కానీ పిల్లి విషయంలో అది అక్కరకు రాలేదు.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా హాస్టల్ స్టోర్ రూములో ఒక పిల్లి ఉండేది. నుదుటి మీద మచ్చ ఉందని చుక్క అని పిలిచేవాళ్ళం. అది వచ్చాక ఎలుకలు బియ్యం మూటలు కొరకడం తగ్గింది. ఒకసారి రెండు రోజులు అన్నం ముట్టకుండా మూటల సందులో ముడుచుకుని కూర్చుంది. చెవులు పట్టుకుని చూస్తే వేడిగా ఉన్నాయి. జ్వరమనుకున్నాం. మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ళనే పొడి చేసి పాలలో కలిపి పట్టాం. సాయంత్రానికి మూతి వాచింది. నోరు తెరిచి రొప్పసాగింది. చిగుళ్ళు కాఫీ రంగుకు తిరిగాయి. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. జ్వరంతోనే పోయిందనుకుని వేపచెట్టు కింద పూడ్చిపెట్టాం.

అసలు సంగతి ఎమ్మెస్సీలో కాలేయం గురించి చదివేటప్పుడు తెలిసింది. ఈ మందును మార్చి బయటకు పంపే ఎంజైము మన కాలేయంలో సరిపడా ఉంటుంది, పిల్లి కాలేయంలో చాలా తక్కువ. మిగిలిపోయిన మందు విషంగా మారి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. అప్పుడు రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. ఒక్క బిళ్ళ చాలు, పిల్లి చచ్చిపోవడానికి. త్వరగా తీసుకెళితే పశువైద్యుల దగ్గర విరుగుడు ఉంది. పైగా దానికి జ్వరం ఉందో లేదో కూడా మాకు తెలియదు. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. బాగున్న పిల్లి కూడా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. అసలు చుక్కకు వచ్చిన జబ్బేమిటో ఇప్పటికీ తెలియదు. చంపింది మాత్రం మేమే.

గొర్రె కూడా నొప్పిని దాచుకునేదే. అయితే పక్కన ఇంకో యాభై ఉంటాయి కాబట్టి తేడా కనబడుతుంది. పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు, నీరసాన్ని బయటపడనివ్వదు. దాన్ని పోల్చడానికి నిన్నటి పిల్లి తప్ప వేరే పిల్లి ఉండదు. నిన్న గోడ ఎక్కింది ఈరోజు ఎక్కలేదా? ఒళ్ళు నాక్కోవడం మానేసి వెంట్రుకలు అట్టకట్టాయా? కంటి లోపలి మూలనుంచి తెల్లని మూడో రెప్ప సగం మూసుకుందా? నీళ్ళు మామూలుకన్నా ఎక్కువ తాగుతోందా? పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. పాలిపోతే రక్తం తక్కువైనట్టు, పసుపెక్కితే కామెర్లు. గుర్రుగుర్రుమంటోంది కదా, బాగానే ఉందనుకోవద్దు. నొప్పితో ఉన్నప్పుడు కూడా పిల్లి అలా అంటుంది.

లంఖణం పరమౌషధం అంటారు పెద్దలు. పిల్లికి అది వర్తించదు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, ఒంట్లోని కొవ్వు వచ్చి కాలేయంలో పేరుకుంటుంది. ఒక్కరోజు ముట్టకపోయినా పశువైద్యునికి చూపించడమే మంచిది.

అన్నిటికన్నా తొందరపడవలసింది మగపిల్లి విషయంలో. మాటిమాటికీ మూత్రానికి కూర్చుని ముక్కుతుంది, చుక్క రాదు, బాధతో అరుస్తుంది. చూసేవాళ్ళు మలబద్ధకమనుకుని ఆముదం పడతారు. నిజానికి మూత్రనాళం మూసుకుపోయి ఉంటుంది. మగపిల్లికి ఆ నాళం సన్నం. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది, అందుకని తెల్లవారేదాకా ఆగకూడదు. నోరు తెరిచి రొప్పడం కూడా అంతటి ప్రమాదమే. కుక్క రొప్పితే ఎండ అనుకోవచ్చు, పిల్లి ఊరికే రొప్పదు.

ఇక మన సంగతి. సాధువుగా ఉండే పిల్లి ఉన్నట్టుండి మీదపడి కరిచినా, గొంతు మారినా రేబిస్ కావచ్చు. కరిచినా, రక్కినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకోవాలి. వార్డెన్ గారు తిడతారని దాచకండి.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి చిల్లులు పెట్టిన అట్టపెట్టె చాలు. ఏ పూట నుంచి తినడం లేదో, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో డాక్టరు గారు ముందు అడిగేది అదే. మీరు ఏదైనా బిళ్ళ వేసి ఉంటే ఆ రేకు కూడా జేబులో పెట్టుకుని వెళ్ళండి.