మీ లాగ్ ఎక్కడ పడుతోంది?

భీవండి పద్మానగర్‌లో సాంచాల చప్పుడు మధ్య పెరిగిన మన పిల్లలు కొందరు ఇప్పుడు గోదాముల కంప్యూటర్ గదుల్లో కూర్చుంటున్నారు. వాళ్లలో యూనిక్స్ మీద ఒరాకిల్ డేటాబేస్ చూసుకునే తమ్ముళ్ల కోసం ఇది.

నేను పనిచేసిన ఒక గోదాములో ఒక రాత్రి డిస్కు నిండి బిల్లింగ్ ఆగిపోయింది. డేటాబేస్‌కు ఏమీ కాలేదు. సర్వీస్ పేరు తప్పు పడిన జాబ్ ఒకటి తెల్లవార్లూ కనెక్ట్ అవ్వాలని చూస్తూ, తప్పిన ప్రతిసారీ ఎస్‌క్యూఎల్‌నెట్.లాగ్‌లో రాస్తూ పోయింది. 11జీకి ముందు క్లయింట్ల అలవాటే అంత: ప్రోగ్రాం ఏ డైరెక్టరీలో ఉండి నడిస్తే లాగ్ అక్కడే పడుతుంది. సాంచా కింద దూది పేరుకున్నట్టు పేరుకుంటుంది.

ఎస్‌క్యూఎల్‌నెట్.ఓఆర్‌ఏలో లాగ్_డైరెక్టరీ_క్లయింట్ అని రాసి, పక్కన దారి ఇస్తే అక్కడికే వెళ్తుంది. ఆ డైరెక్టరీ ముందే ఉండాలి, జాబ్ నడిపే యూజర్‌కు రాసే అనుమతీ ఉండాలి. 11జీ నుంచి డయాగ్_ఏడీఆర్_ఎనేబుల్డ్‌ను ఆఫ్ చేయకపోతే ఈ లైనును క్లయింట్ పట్టించుకోదు. నన్నడిగితే కొత్త వెర్షన్లలో ఆఫ్ చేయొద్దు. ఏడీఆర్_బేస్ దారి మార్చుకోండి, చాలు.

అన్నీ సరిగ్గా రాసినా లాగ్ పాత చోటే పడుతోందా? క్రాన్‌ను అనుమానించండి. అది మీ ప్రొఫైల్ చదవదు. టీఎన్‌ఎస్_అడ్మిన్ అందక వేరే ఎస్‌క్యూఎల్‌నెట్.ఓఆర్‌ఏ తెరిచి ఉంటుంది. స్క్రిప్టు మొదటి లైన్లలోనే ఆ వేరియబుల్ ఎక్స్‌పోర్ట్ చేయండి. నాకు ఇది అర్థం కావడానికి రెండు రాత్రులు పట్టింది.

లిజనర్ లాగ్ సంగతి వేరు. దాని సెట్టింగులు లిజనర్.ఓఆర్‌ఏలో ఉంటాయి, ప్రతి పేరు చివర లిజనర్ పేరు తగిలించాలి. అది పెరిగిపోయిందని నేరుగా ఆర్‌ఎం కొట్టకండి. లిజనర్ ఆ ఫైలును తెరిచే ఉంచుకుంటుంది. ఎల్‌ఎస్‌లో పేరు మాయమవుతుంది గానీ, డీఎఫ్‌లో ఒక్క ఎంబీ జాగా కూడా తిరిగి రాదు. ఎల్‌ఎస్‌ఎన్‌ఆర్‌సీటీఎల్‌లో సెట్ లాగ్_స్టేటస్ ఆఫ్ అని, ఫైలు పేరు మార్చి, మళ్లీ ఆన్ అనండి.

మార్చిన దారిని కాగితం మీద రాసి సర్వర్ పక్కన అంటించి, రాత్రి షిఫ్టు తమ్ముడికి నోటితో కూడా చెప్పి ఇంటికి వెళ్లండి.