పోయింది సెల్‌ఫోన్, పట్టుకుపోయింది మా పిల్లగాణ్ణి

ప్రశ్న: మేం ఎరుకలోళ్లం. చుట్టాలూరికి పోతే, అక్కడెవరిదో సెల్‌ఫోన్ పోయిందని పోలీసులు మా చెల్లె కొడుకును తీసుకపోయి రాత్రిదాకా కూసోబెట్టిన్రు. వానికి 15 ఏండ్లు. మళ్లా ఇట్లయితే ఏం చెయ్యాలె?
– ఒక పాఠకురాలు, మెదక్

జవాబు: అమ్మా, ఈ అన్యాయం పాతది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసింది. 1924 చట్టం పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారమూ ఇచ్చింది. 1952లో అది రద్దయినా అనుమానం ముందు మీ గుమ్మానికే వస్తోంది. ఆ చట్టం నుంచి బయటపడిన విముక్త జాతులవారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయొద్దని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పాల్సి వచ్చింది.

2015 బాల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. పట్టుకుంటే తల్లిదండ్రులకు కబురు చేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాల న్యాయమండలి ముందు హాజరుపరచాలి.

అసలు చిక్కు వయసు దగ్గర వస్తుంది. బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్, అది లేకుంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం చెల్లుతాయి. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. అందులో ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు. 17 ఏళ్ల పిల్లవాడు పెద్దల జైలుకు పోయే ప్రమాదం అక్కడే ఉంది. బతుకుదెరువుకు ఊళ్లు తిరిగేవాళ్ల ఇళ్లలోనే ఈ కాగితాలు తరచుగా ఉండవు. మీ చెల్లెలితో ఈ వారమే బడికి వెళ్లి సర్టిఫికెట్ తీసుకోండి, రెండు జిరాక్సులు ఇంట్లో ఉంచండి.

వకీలు ఫీజు గురించి భయపడకండి. పిల్లలకు, ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. మళ్లీ ఇలా తీసుకుపోతే న్యాయ సహాయ నంబరు 15100కు గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఆ రాత్రే ఫోన్ చేయండి.