నిప్పులపై మాంసము: ఉష్ణమాపకము యొక్క ఉపయోగము

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు తోటలలో సెలవుదినములందు బొగ్గుల నిప్పులపై కోడిమాంసము కాల్చుకొని తినుట నేడు వాడుకయైనది. పైభాగము ఎఱ్ఱగా కాలినంతమాత్రమున లోపల ఉడికినదని తలంపరాదు. వేడిమి ఉపరితలమునకు శీఘ్రముగను, నడిభాగమునకు మెల్లగను చేరును. లోపల పచ్చిగానున్నచో సాల్మొనెల్లా మొదలగు సూక్ష్మజీవులు చావక వాంతులు, విరేచనములు కలిగించును. పిల్లలకును వృద్ధులకును ఇది మిక్కిలి అపాయకరము.

కావున ఉష్ణమాపకము, అనగా థర్మామీటరు, అవసరము. జ్వరము చూచునది దీనికి పనికిరాదు. అది సుమారు 42 డిగ్రీలవఱకే చూపును. 100 డిగ్రీలకు మించి చూపునదియు, సన్నని ఉక్కుసూది గలదియునైన వంటథర్మామీటరును కొనవలెను. సూదిమొనను మాంసము మిక్కిలి దళసరిగానున్నచోట, ఎముకకు తగులకుండ గ్రుచ్చవలెను. అచ్చట 74 సెంటీగ్రేడు డిగ్రీలు చూపిన పిదపనే కోడిమాంసము తినదగినది. పచ్చిమాంసమున గ్రుచ్చిన సూదిని కడుగక మరల వాడరాదు.

క్రొత్త పరికరమును తొలుత పరీక్షింపవలెను. నలుగగొట్టిన మంచుగడ్డలు నిండిన నీటిలో అది 0 చూపవలెను. మరుగునీటిలో 100 చూపకున్న దోషమని త్రోసివేయకుడు. సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తుననున్న ఈ పీఠభూమిపై వాయుపీడనము తక్కువగుటచే నీరు సుమారు 98 డిగ్రీలకే మరగును. విద్యార్థులు పాఠశాలలో నేర్చిన యీ భౌతికశాస్త్రనియమమును తమ యింటివారికిని తెలుపుదురుగాక.